ఐదు ప్రశ్నలకు ఐదు మార్కులు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో పదకొండు సీజన్ల పాటు యూనివర్సిటీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా ఉన్నాను. ఎనిమిది కప్పులు గెలిపించాను. గ్రౌండ్ అంచున టచ్‌లైన్ మీద నేను కనబడితే చాలు, అవతలి జట్టు డిఫెండర్లు బూట్ల లేసులు విప్పి మళ్లీ గట్టిగా కట్టుకునేవాళ్లు.

తెలుగువాళ్ల పిక్నిక్కుల్లో బార్బెక్యూ పొయ్యి పక్కన నిలబడి నేను చెప్పే లెక్క ఇది. కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి కొంచెం సిగ్గేస్తోంది. సీజన్లు తొమ్మిది. కప్పులు మూడు. ఆ మూడింట్లో ఒకటి ఫెయిర్ ప్లే కప్పు. అంటే, ఓడిపోయి కూడా ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా ఇంటికెళ్లే జట్టుకు ఇచ్చేది. లేసుల సంగతి పూర్తిగా నా కల్పన. డెబ్బై ఒకటో ఏట ఆ పని వదిలేశాను. వదిలేశాననడం కూడా పూర్తి నిజం కాదు. అది ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఆ యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ విభాగంలో సర్వేయింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో వరసలో నిలబడి ఉండగా ఇద్దరమ్మాయిలు వచ్చారు. వాళ్ల కోచ్ ఉద్యోగం మారి పెర్త్ వెళ్లిపోయాడట. సీజన్ ఇంకా సగం మిగిలే ఉంది. స్టాఫ్‌లో ఎవరికైనా ఫుట్‌బాల్ తెలుసేమోనని కనబడినవాళ్లందరినీ అడుగుతున్నారు. తెలియదని చెప్పి నా చిప్స్ నేను తింటే సరిపోయేది.

"నేను మా యూనివర్సిటీకి ఆడాను. లెఫ్ట్ వింగ్," అన్నాను.

ఇండియాలో మా యూనివర్సిటీ గ్రౌండ్‌లో నేను చేసిన పని సున్నంతో గీతలు గియ్యడం. సర్వేయింగ్ చదివేవాణ్ణి కదా, గీత వంకర పోదని నాకు అప్పగించారు. ఒకే ఒక్కసారి మనుషులు తక్కువై, నాకూ ఒక జెర్సీ ఇచ్చి బెంచి మీద కూర్చోబెట్టారు. ఆట అయిపోయాక దాన్ని ఉతక్కుండానే తిరిగిచ్చేశాను. చెమట పడితే కదా ఉతకడానికి.

రెండు వారాల్లో నా బండారం ఒకాయన పట్టేశాడు. ఫిజీ మనిషి. ఆయన ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఆ దీవుల చెరుకు తోటల్లోకి పోయినవాడు. అక్కడ ప్రభుత్వం తలకిందులయ్యాక ఈయన కుటుంబం ఆస్ట్రేలియా వచ్చేసింది. బస్సు డిపోలో మెకానిక్కు. తెలుగులో ఆయనకు పది పదిహేను మాటలే మిగిలాయి: రా, కూకో, తిను, సాలు. ఫుట్‌బాల్ మాత్రం మొత్తం మిగిలింది. డ్యూటీ దిగి, కంచె మీద మోచేతులు ఆనించి మా ప్రాక్టీసు పది నిమిషాలు చూసి, లోపలికొచ్చాడు. ఆయన మాటలు సగం ఇంగ్లీషు, సగం హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను.

"మాస్టర్‌జీ, మీరెప్పుడూ ఆడలేదు కదా?"

"ఆడాను. చాలా కాలమైంది."

"బంతి మీదికొస్తే మీరు కళ్లు మూసుకుంటున్నారు."

ఆయన నవ్వి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "నో వర్రీస్. మీరు మాట్లాడండి, నేను ఆడిస్తా."

తొమ్మిదేళ్లూ అలాగే జరిగింది. పరుగులు, పాసులు, గోల్‌కీపర్ ఎక్కడ నిలబడాలి, ఇదంతా ఆయన చూసుకున్నాడు. గ్రౌండ్ బుక్ చెయ్యడం, వ్యాను నడపడం, నారింజకాయలు కొయ్యడం, హాఫ్‌టైమ్‌లో ఉపన్యాసం ఇవ్వడం నా పని. కొండ ఎత్తు కొలవాలంటే కొండ ఎక్కక్కర్లేదు, సరైన చోట నిలబడితే చాలు అంటూ నేను మొదలుపెట్టగానే పిల్లలు బుద్ధిగా తలలు ఊపుతూ నారింజ తొనలు తినేవాళ్లు. ఏడాది చివరి విందులో మైకు ముందుకు పిలిచేది నన్ను. ఆయన వెనక బల్ల దగ్గర కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టేవాడు.

ఒక్క పని మాత్రం నిజంగా నేనే చేశాను. గురువారం సాయంత్రం పదకొండు మంది పేర్లు చదవడం. నర్సింగ్ చదివేవాళ్లు, లా చదివేవాళ్లు, ఎక్కడో దూరపు ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు, ఇరవై మంది పిల్లలు గడ్డి మీద కూర్చుని నా నోటి వంకే చూసేవాళ్లు. పేరు రాని పిల్ల బూట్లు విప్పుకుంటూ తల ఎత్తేది కాదు. హెడ్ కోచ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో చెప్పేవాడు అంటాను. మిగతాదంతా ఇంకొకరు చెయ్యగలరు. ఆ ఒక్క మాట నాది. అందుకే ఆ మాటలో తప్పు జరిగితే, ఇదిగో వీళ్లదని వెనక్కి తిరిగి చూపించడానికి ఎవరూ ఉండరు.

నా చివరి రెండు సీజన్లూ జట్టుకు మధ్యలో నిలబడి ఆడిన పిల్ల, నా స్నేహితుడి కూతురు. ఆయన ఆసుపత్రిలో మత్తు డాక్టరు. గుంటూరాయన. మేమిద్దరం డార్విన్‌కు ఒకే ఏడాది వచ్చాం. ఆ పిల్ల అక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఇంట్లో నన్ను అంకుల్ అంటుంది, గ్రౌండ్‌లో కోచ్ అంటుంది, ఎప్పుడూ కలగాపులగం చెయ్యలేదు. యూనివర్సిటీలో ఫార్మసీలో చేరి, మా జట్టులో ఆడతానన్నప్పుడు వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, వేరేవాళ్లయితే పంపేవాణ్ణి కాదు. మీరు ఆడినవారు. ఎప్పుడు ఆపాలో మీకు తెలుస్తుంది."

"నా కూతురే అనుకోండి డాక్టర్ గారూ," అన్నాను. లెఫ్ట్ వింగ్ కథ ఆయనకు నేనెన్నిసార్లు చెప్పానో! ఒకసారి అందులో వర్షం కూడా కురిపించాను.

క్లబ్బులో ఒక నియమం ఉంది. ఎవరి తలకైనా దెబ్బ తగిలితే, మెదడు అదిరిందేమో చూడటానికి ఐదు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ గ్రౌండు, ఇప్పుడు ఏ హాఫు, చివరి గోలు ఎవరిది, పోయిన వారం ఎవరితో ఆడాం, గెలిచామా. ఒక్క జవాబు తప్పినా ఆ రోజుకు ఆట ఆఖరు. మామూలుగా ఈ పని చేసే ట్రైనరమ్మాయి ఆ వారం చెల్లెలి పెళ్లికి ఊరెళ్లింది. ఆమె బదులు ఆ తలదెబ్బల కోర్సు చేసినవాళ్లెవరు అని సెక్రటరీ అడిగితే చెయ్యి ఎత్తాను. చేసిన మాట నిజమే. వంటింట్లో ల్యాప్‌టాప్‌లో గంట వీడియో ఒక పక్కన నడుస్తుంటే ఇంకో పక్కన పప్పుకు తాలింపు పెట్టాను. చివర్లో సర్టిఫికెట్టు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను.

అది సెమీ ఫైనల్. ఎండాకాలపు పొడిగాలి, దూరంగా ఎక్కడో గడ్డి తగలబెట్టిన వాసన. సాయంత్రం నాలుగున్నర. స్కోరు ఒకటీ ఒకటి. సెకండ్ హాఫ్ సగం గడిచింది. పైనుంచి వస్తున్న బంతి కోసం డాక్టర్ గారి పిల్ల, అవతలి పిల్ల ఒకేసారి ఎగిరారు. అవతలి పిల్ల నుదురు వచ్చి మా పిల్ల చెవి పైన తగిలింది. ఆ చప్పుడు టచ్‌లైన్ దాకా వినబడింది. పడిపోయింది, వెంటనే లేచింది. లేవడం మాత్రం చాలా త్వరగా లేచింది. నీళ్లు పట్టుకుని వెళ్లాను. నా వెనకే ఫిజీ మిత్రుడు.

"తీసేద్దాం మాస్టర్‌జీ. కళ్లు చూడండి."

"ముందు టెస్ట్ చెయ్యనివ్వండి," అన్నాను, సర్టిఫికెట్టు ఉన్నవాడి గొంతుతో.

"ఏ గ్రౌండమ్మా ఇది?"

"యూని గ్రౌండ్, కోచ్."

"ఏ హాఫ్?"

"సెకండ్."

"లాస్ట్ గోల్ ఎవరిది?"

"దెయిర్స్. ఫ్రీ కిక్."

"పోయిన వారం ఎవరితో ఆడాం?"

ఆగింది. నవ్వబోయింది. "లాస్ట్ వీక్..." అంది. నా మొహంలోకి చూసింది.

ఆ చూపు నాకు పాతదే. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఉగాది సభలో, అద్దెకు తీసుకున్న హాల్లో, పట్టు పరికిణీ కట్టుకుని పద్యం చెబుతూ మూడో పాదం దగ్గర ఆగిపోయి సరిగ్గా అలాగే చూసింది. మొదటి వరసలో ఉన్న నేను పెదవులతో మొదటి అక్షరం అందించాను. అందుకుని గడగడా చెప్పేసింది. హాలంతా చప్పట్లు. మన ఇళ్లలో చుట్టాల ముందు పిల్లల చేత పద్యాలు చెప్పించే పద్ధతే అది. పిల్ల ఆగితే మొదటి అక్షరం ఎవరో ఒకరు అందిస్తారు. దాన్ని ఎవరూ మోసం అనరు, ముచ్చట అంటారు. తరవాత కూడా ఆ పిల్లకు ఎన్ని ఉగాదులకు అలా అందించానో.

పోయిన వారం మేం ఆడింది ఓడరేవు దగ్గరి క్లబ్బుతో. అందరం పోర్ట్ అంటాం.

"పో..." అన్నాను.

"పోర్ట్," అంది వెంటనే.

"గెలిచామా?"

మళ్లీ నా మొహంలోకి చూసింది. నా తల నాకు తెలియకుండానే కొంచెం ఊగింది. ఇప్పుడే అబద్ధం రాశాను. తెలిసే ఊగింది.

"యెస్."

"ఫైవ్ అవుటాఫ్ ఫైవ్!" అని రెఫరీకి వినబడేలా అరిచాను.

ఫిజీ మిత్రుడు నన్ను చూశాడు. "మీరు చెప్పారు మాస్టర్‌జీ."

"గుర్తు చేశాను, అంతే."

ఆమె లేకపోతే మా జట్టు మధ్యలో ఖాళీ. ఆ ఏడాది కప్పు గెలిస్తే నన్ను క్లబ్బుకు జీవితకాల సభ్యుణ్ణి చేస్తారని వినికిడి. ఈ రెండు విషయాలూ నేను అప్పుడు ఆలోచించలేదని చెప్పను.

తిరిగి ఆటలోకి వెళ్లాక ఆమె బంతిని అందంగా, నిదానంగా అవతలి జట్టు పిల్లకు ఇచ్చింది. ఇంకోసారి కూడా అలాగే. పక్కనుంచి ఫిజీ మిత్రుడు "సాలు మాస్టర్‌జీ, సాలు," అంటున్నాడు. ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి వచ్చేశాడు. "ఈ కార్నర్ ఒక్కటీ అవనివ్వండి," అన్నాను. కార్నర్ నుంచి వచ్చిన బంతిని ఆమె తలతో కొట్టింది. కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, వాంతి చేసుకుంది. విజిల్ పడకముందే ఆయన లోపలికి పరుగెత్తాడు. ఆ మ్యాచ్ మేం గెలిచామని చెబుతుంటాను. ఓడాం. అది కూడా నేను చూడలేదు, తరవాత ఎవరో చెప్పారు.

ఆసుపత్రిలో వాళ్ల నాన్న ఆపరేషన్ థియేటర్ నుంచి నీలం బట్టల్లోనే వచ్చాడు.

"ఎన్నిసార్లు తగిలింది మాస్టారూ? దెబ్బ తగిలాక మళ్లీ ఆడిందా?"

"ఒక్కసారే డాక్టర్ గారూ. టెస్ట్ చేశాను. ఐదుకు ఐదు చెప్పింది. ఇంకాసేపు ఆడింది, ఎండకి కాబోలు, వాంతయింది."

ఇదంతా తెలుగులో చెప్పాను. పక్కనే ఫిజీ మిత్రుడు నిలబడి ఉన్నాడు. ఆయనకు అర్థం కాదని తెలిసే తెలుగులో చెప్పాను. స్కానులో ఏమీ కనబడలేదు. ఇంటికి పంపేశారు. వారం తరవాత ఫిజీ మిత్రుడు అడిగాడు: "డాక్టర్ సాబ్‌కి అంతా చెప్పారు కదా?" చెప్పానన్నాను.

వారం గడిచింది, రెండు గడిచాయి. పిల్లకు తలనొప్పి తగ్గలేదు. ఎండ చూడలేదు. నాలుగు వరసలు చదివితే అక్షరాలు ఈదుతున్నాయంటుంది. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. మా ఆవిడ చూసి రావడానికి వెళ్లి, తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"వాళ్ల నాన్న దాన్ని తిడుతున్నాడండీ. స్కాన్ బాగుంది, టెస్టులో ఐదుకు ఐదు వచ్చింది, ఇంక తలనొప్పేంటి, ఫోన్ మానెయ్, పుస్తకం తియ్ అంటున్నాడు. ఆయన తప్పేముంది, పరీక్ష భయం అనుకుంటున్నాడు. అది నన్ను గదిలోకి పిలిచి ఏమందో తెలుసా? 'ఆంటీ, ఐ పాస్డ్ ద టెస్ట్. సో దిస్ ఈజ్ జస్ట్ మీ, నో?' అంది. ఏడవను కూడా ఏడవట్లేదు."

నేను పేపరు తిరగేస్తున్నాను.

"ఆ టెస్ట్ చేసింది మీరే కదూ?"

"ఊఁ."

"అందులో మీరెన్ని కలిపారు?"

నలభై నాలుగేళ్లుగా నా లెక్కలు సరిచేస్తున్న మనిషి. నేను పేపరు ఇంకో పేజీ తిప్పాను. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆ తరవాత రెండు వారాల పాటు అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయేది.

నేను చెప్పకుండా ఆగింది ఏదో గొప్ప సందిగ్ధంలో పడి కాదు. భయంతో. స్నేహితుడు పోతాడు, కోచ్ పని పోతుంది, పిక్నిక్కులో పొయ్యి పక్కన నిలబడితే మనుషులు ఇంకో పొయ్యి దగ్గరికి పోతారు. తలనొప్పి దానంతటదే తగ్గిపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని రోజూ పొద్దున అనుకునేవాణ్ణి. ఒక ఆదివారం డాక్టర్ గారి ఆవిడ ఫోన్ చేసి, పిల్ల మొదటి పరీక్షలో ఖాళీ పేపరిచ్చి వచ్చేసిందని మా ఆవిడతో చెప్పింది. ఆ మధ్యాహ్నం వెళ్లాను. వానలు పడబోయే ముందు డార్విన్‌లో గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది. వాళ్ల గుమ్మం దాకా నడిచేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"రండి మాస్టారూ. కూర్చోండి."

"చిన్న విషయం డాక్టర్ గారూ," అని మొదలుపెట్టాను. అక్కడ కూడా చిన్నదిగా చూపించాలనే. తరవాత ఎలా చెప్పానో కానీ చెప్పేశాను. నాలుగో ప్రశ్నకు నేను అందించిన అక్షరం, ఐదో ప్రశ్నకు ఊపిన తల, అవతలి జట్టుకు ఇచ్చిన రెండు పాసులు, ఫిజీ మిత్రుడి "సాలు", కార్నర్.

ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. కాగితం తెచ్చుకుని కూర్చుని, డాక్టరు అడిగినట్టే అడిగాడు. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఎన్ని నిమిషాలు? పడినప్పుడు కళ్లు మూసుకుందా? నడక తూలిందా? అన్నీ రాసుకున్నాడు. రాయడం అయ్యాక పెన్ను మూత పెట్టాడు.

"మీరు ఆడినవారని పంపాను."

"ఆడలేదు. నేను గ్రౌండ్‌లో గీతలు గీసేవాణ్ణి."

"ఐదు వారాలు," అన్నాడు. "ఐదు వారాలుగా దాన్ని తిడుతున్నాను నేను. అబద్ధాలాడుతున్నావన్నాను. నా నోటితో నేనే అన్నాను." రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వెళ్లి దానికి మీరే చెప్పండి. తరవాత మళ్లీ ఈ గదిలోంచి వెళ్లొద్దు. అటు పక్క తలుపుంది."

గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. మంచం మీద పడుకుని ఉంది, మొహాన నల్లద్దాలు.

"అంకుల్? కొంచెం మెల్లగా మాట్లాడండి," అంది. ఆ మాట తెలుగులో అంది.

మెల్లగా చెప్పాను. ఈసారి వాళ్ల నాన్నకు చెప్పినదానికన్నా తక్కువ మాటల్లో చెప్పాను.

"సో ఐ డిడ్ంట్ పాస్."

"లేదమ్మా."

"డిడ్ యూ నో దెన్? ఆర్ లేటర్?"

తరవాత తెలిసిందని చెబితే పోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఎవరూ నిరూపించలేరు.

"అప్పుడే తెలుసు," అన్నాను.

"ఐ థాట్ ఐ వాజ్ ఫేకింగ్ ఇట్, అంకుల్," అంది. "రోజూ అనుకున్నా. ఐ యాక్చువల్లీ బిలీవ్డ్ దట్." గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఏడిస్తే తల ఇంకా నొప్పి పుడుతుందని తెలుసు కాబట్టి ఆపుకుంటోందని నాకు తరవాత అర్థమైంది. నేను మంచం పక్కనే నిలబడ్డాను. కాసేపటికి, తల తిప్పకుండానే, "డోర్ మెల్లగా వేయండి," అంది.

మర్నాడు క్లబ్బు కమిటీకి ఉత్తరం రాశాను. మొదటి ప్రతిలో నేనొక మహాపాపిని. రెండో ప్రతిలో వయసు మీద పడిన అమాయకుణ్ణి. మూడోది నాలుగు వాక్యాలు, అదే ఇచ్చాను. నన్ను మళ్లీ ఏ జట్టు దగ్గరా నిలబడనివ్వబోమని రాతపూర్వకంగా తెలియజేశారు. అది న్యాయమే. ఇప్పుడు హెడ్ కోచ్ ఫిజీ మిత్రుడు. ఆయన నాతో మాట్లాడతాడు, కానీ మాస్టర్‌జీ అనడం మానేశాడు.

ఆ రోజు నన్ను అడిగి రాసుకున్న కాగితం పట్టుకుని వాళ్ల నాన్న పిల్లను తల దెబ్బలు చూసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు దెబ్బలని తెలిశాక వైద్యమే మారిపోయింది. పరీక్షలు వాయిదా వేశారు, ఒక సెమిస్టరు సెలవిచ్చారు. ఇప్పుడు సగం సబ్జెక్టులతో చదువుతోందట. రోజుకు గంట చదవగలుగుతోందని మా ఆవిడ చెప్పింది. ఆట లేదు. వాళ్ల నాన్న ఇండియన్ షాపులో ఎదురైతే, బియ్యం బస్తాల వైపు చూస్తూ దాటిపోతాడు.

నేను నిజం చెప్పడం వల్ల ఆ పిల్ల నొప్పి తగ్గలేదు. ఆమె మాట ఇంట్లోవాళ్లు నమ్మారు, అంతే జరిగింది. ఆ మాత్రమైనా నా వల్లే జరిగిందని చెప్పుకోవాలని నోరు దురద పెడుతోంది. కానీ నమ్మకుండా ఉన్న ఐదు వారాలు కూడా నా వల్లే.